నలభై ఒక్క పేర్ల గోడ

గాజుపలక పగిలిన మూడవనాడు కూడా పెద్దయ్య, కోడలు అందించిన చాయ్‌ని కొడుకు ఎదుట ముట్టలేదు. కప్పును కిటికీ గట్టు మీద పెట్టి, దానిపై సాసరు బోర్లించి, మంగేష్ ఇల్లు దాటేవరకు కదలరాదని నిశ్చయించుకున్నవాడివలె గోడకు ఆనుకొని కూర్చున్నాడు.

“చల్లగైతది మామా,” అన్నది సంధ్య.

“కానియ్యి.”

“మనిషి మీది కోపం చాయ్ మీద తీస్తే ఎట్ల?”

“కోపం కాదమ్మా, అనుమానం. కోపమైతే తాగి మరిచిపోదును.”

మంగేష్ తలుపు వెనుక కొక్కేనికి వ్రేలాడుతున్న చొక్కాను తీసి తొడుక్కుంటున్నాడు. పదిహేనడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల ఆ ఒంటిగది ఖోలీలో అయిదుగురు మనుషులున్నప్పుడు, ఒకరి మాట మరొకరికి వినబడలేదని నటించడం సాధ్యం కాదు. అయినా అతడు నటించాడు.

పెద్దయ్య ఎవరినీ ఉద్దేశించనట్లు కిటికీ వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

“మూడు పలకలు పెట్టిన. మీదొకటి, నడుమ ఒకటి, కింద ఒకటి. జూన్‌ల పెట్టిన. వానకాలమంత పోయింది, ఒక్కటి పలుగలె. మంగళవారం ఒకడు బడి చావి అడిగి తీస్కపోయిండు. బుధవారం పొద్దున నేను పోయి చూస్తే నడిమిది లేదు.”

“ఆ ఒకనికి పేరున్నది నాయినా,” అన్నాడు మంగేష్. “నువ్వే పెట్టినవు.”

“గోడ కదిలితే ముందుగాల మీది పలక పలుగాలె. నడిమిదొక్కటే పలుగుడు నలభై ఏండ్ల పనిల నేను చూడలె. అది గోడ చేసిన పని కాదు. చెయ్యి చేసిన పని.”

ఆ గోడ తెలుగు బడిది. కామాఠీపురాలో రాళ్ళెత్తిన కూలీలు, మేస్త్రులు ఆదివారాలలో జీతం లేకుండా పనిచేసి కట్టుకున్న ఆ రెండంతస్తుల రాతి కట్టడం, తెలుగు చదివే పిల్లలు లేక ఏడేళ్ళ క్రితం మూతబడింది. ఇప్పుడు దానిని ఏమి చేయాలన్నది వార్డు ఆఫీసు ముందున్న ప్రశ్న. గోడలు గట్టివని తేలితే మరమ్మతులు చేయించి, పరీక్షలకు చదువుకునే పిల్లల కోసం అభ్యాసిక అనే చదువుగది తెరుస్తారు. అపాయకరమని తేలితే కూలగొట్టి, ఆ స్థలాన్ని చుట్టుప్రక్కల చాళ్ళ, అంటే వరుస ఖోలీల పాత కట్టడాల, పునర్నిర్మాణంలో కలిపివేస్తారు.

తేల్చవలసిన ఇంజనీరు అతుల్ ఆ ఉదయం పదకొండు గంటలకు రానున్నాడు.

గోడ కదులుతున్నదో లేదో తెలుసుకోవడానికి పగులుకు అడ్డంగా గాజుపలకను సిమెంటుతో అంటించి, ప్రక్కన తేదీ వ్రాయడం మేస్త్రుల పద్ధతి. గాజు నిలిచినంత కాలం గోడ నిలిచినట్లే. పెద్దయ్య ఆ పద్ధతిని నమ్మాడు. అతుల్ పెద్దయ్యను నమ్మాడు. మూడు పలకలూ నిండుగా ఉంటే పెద్దయ్య మాటనే నివేదికలో వ్రాస్తానని పోయిన నెలలో చెప్పి వెళ్ళాడు కూడా.

“నాకు నలభై ఆరేండ్లు,” అన్నాడు మంగేష్, బెల్టు బిగించుకుంటూ. “పొద్దున లేచి బాల్టీ పట్టుకొని సండాసు లైన్ల నిలబడుతున్న. ఇంట్ల సండాసున్న ఇల్లు కావాలన్న. ఆ బడి జాగ కలువకుంటే మన చాళ్ పని ముందుకు పోదన్నరు. అది నిజం. అందరి ముంగట అన్న. ఒప్పుకుంట.”

“గాజు సంగతి ఒప్పుకో.”

మంగేష్ అన్నం డబ్బా తీసుకొని సంచిలో పెట్టాడు.

“మంగళవారం చావి ఎందుకు తీస్కపోయినవు?”

“కొలతలు కావాలన్నరు. ఇచ్చిన.”

“ఎవరు?”

“కొలిచేటోళ్ళు.”

మంచం అంచున పుస్తకం తెరిచి కూర్చున్న మంగేష్ కూతురు మనాలి తల ఎత్తలేదు గాని, పుట త్రిప్పడం మానేసి చాలాసేపయింది. ఇరవై మూడేళ్ళ ఆ పిల్ల ప్రభుత్వోద్యోగ పరీక్షలకు చదువుతున్నది. ప్రతి ఉదయం చీకటితో లేచి దాదర్‌లోని అభ్యాసికకు వెళ్ళి, కుర్చీ దొరకని రోజు అక్కడి మెట్ల మీద చదువుకొని వస్తుంది. బడిని అభ్యాసిక చేయమని అర్జీ వ్రాసినది ఆమెయే. నలభై కుర్చీలు ఎక్కడెక్కడ వేయవచ్చునో పటం గీసి జతపరచినది కూడా ఆమెయే.

“పదకొండుకు అతుల్ సాబ్ వస్తడు,” అన్నాడు పెద్దయ్య. “గోడ మంచిదే, గాజు మనిషి పలగ్గొట్టిండని చెప్త. ఎవరని అడుగుతడు.”

“చెప్పు.”

“చెప్తనే.”

“ఇంటిపేరుతోని చెప్పు నాయినా. అండ్ల నీది గూడ వస్తది.”

అతడు చెప్పులు తొడుక్కొని గ్యాలరీలోకి వెళ్ళిపోయాడు. చెక్కమెట్లు క్రింది అంతస్తు దాకా ఒకటొకటిగా చప్పుడు చేశాయి.

పెద్దయ్య సాసరు తొలగించి, మీగడ కట్టిన చాయ్‌ని ఒక్క గుక్కలో త్రాగాడు.

“ఇన్నవా కోడలా? నేను కాదు అన్నడా? మూడు దినాలల్ల ఒక్కపారి అన్నడా?”

సంధ్య గిన్నె తోముతూనే జవాబు చెప్పింది. “మీరు అడుగుతలేరు కద మామా. తీర్పు చెప్తున్నరు. దానికి జవాబేముంటది?”

ఇంతవరకు మూల కూర్చొని బియ్యం ఏరుతున్న పెద్దయ్య భార్య వజ్రమ్మ చేటను ప్రక్కకు పెట్టి లేచింది. డెబ్బది దాటినా ఆమె నేలను ఆనకుండానే లేవగలదు.

“పెద్దమనుషులొస్తున్నరు. బడి ఊడ్వాలె,” అని చీపురు తీసుకున్నది.

మేకుకున్న తాళపుచెవిని మనాలి అందుకున్నది. “నేనొస్త అవ్వా.”

“నీ చదువు?”

“ఇంట్ల అవుతదా చదువు?”

*

బడి తలుపు తెరవగానే పాత టేకు వాసన, తడిసిన సున్నం వాసన కలిసి వచ్చాయి. క్రింది గదిలో బల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. తూర్పు గోడమీద, పై అంతస్తు వేసిన నాడు శ్రమ చేసినవారి పేర్లు నీలిరంగు తెలుగు అక్షరాలలో నాలుగు వరుసలుగా ఉన్నాయి. మొత్తం నలభై ఒకటి. మూడవ వరుసలో ‘మేస్త్రి యాదయ్య’ అన్నది పెద్దయ్య తండ్రి పేరు. పైకప్పు నుండి దిగిన పగులు ఆ పేరును ఆనుకొని క్రిందికి పోయింది. పగులు మీద పైన ఒక పలక, క్రింద ఒక పలక మెరుస్తున్నాయి. నడుమ రెండు సిమెంటు ముద్దలు మాత్రం మిగిలాయి.

వజ్రమ్మ ఊడ్వసాగింది. మనాలి గోడ దగ్గర నిలబడి నేలను చూసింది.

“అవ్వా, బుధవారం తాతతోని నేను గూడ వచ్చిన. ఈడ కింద ఒక్క తునక లేకుండె.”

“అయితే?”

“గాజు పలుగుతే తునకలు పడాలె గద. పప్పా ఏనాడన్న చీపురు పట్టిండా?”

“ఆని పెండ్లి నాడు గూడ పట్టలె.”

“పలగ్గొట్టినోళ్ళే ఊడ్చిన్రు. ఎవరి కాళ్ళకన్న గుచ్చుకుంటదని ఊడ్చిన్రు.”

చీపురు ఆగలేదు.

“గింత చదువు చదివి ఆఖరుకు చీపురు మీద కేసు పెడుతున్నవా?” అన్నది వజ్రమ్మ.

“అవ్వా. నా దిక్కు చూసి చెప్పు.”

అప్పుడు ఆమె నిలబడింది. నడుమును చేత్తో ఒత్తుకొని, మనవరాలి ముఖాన్ని కొంతసేపు చూసింది.

“మంగళవారం సందెకాడ. మీ పప్పా చావి తెచ్చి మేకుకు పెట్టినంక. పొత్రం తోని ఒక్కటే కొట్టిన.”

మనాలి ఒక అడుగు వెనుకకు వేసింది. “నువ్వు గూడ పప్పా దిక్కేనా? నీకు గూడ ఇల్లే కావాల్నా?”

“నాకెందుకే ఇల్లు? ఈ ఖోలీలనే పోత.”

“మరి నా అర్జీ? తాత మాట? అన్నీ తెల్సి కొట్టినవు.”

వజ్రమ్మ మెట్ల క్రింది అరలోనుండి ఒక నూనె డబ్బాను తెచ్చింది. అందులో రెండు పొట్లాలు ఉన్నాయి. మొదటిది విప్పితే గుప్పెడు సున్నపు ఇసుక. రెండవది విప్పడానికి నేలపైన కాగితం పరచవలసి వచ్చింది. అది కుప్పగా పడింది. అందులో గోరంత రాతి పెచ్చులు కూడా ఉన్నాయి.

“ఇది దసరానాడు ఊడ్చింది. ఇది మొన్న సోమవారం ఊడ్చింది. ఒక్క దినానిది. ఇరవై ఏండ్లు తలమీద సున్నం మోసిన నేను. పెచ్చు ఏదో, రాయి పొట్టలకెళ్ళి వచ్చే ఇసుక ఏదో నాకు తెల్వదా? నీ కాగితంల బల్లలు యాడ గీసినవు?”

మనాలి చూపు తూర్పు గోడ క్రిందికి పోయింది. వెలుతురు బాగా వస్తుందని మొదటి వరుస అక్కడే గీసింది.

“తాతకు చెప్పవద్దా?”

“చెప్పిన. రెండుమార్లు. ముసలి గోడకు ఇసుక రాలుడు, ముసలోనికి వెంట్రుకలు రాలుడు ఒకటే అన్నడు. నా మాట వినడు. గాజు మాట వింటడు. అందుకని గాజుతోని చెప్పిచ్చిన.”

“మరి పప్పాను అంటుంటే మూడు దినాలు ఊకున్నవు.”

“బుధవారం పొద్దున్నే చెబుదామనుకున్న. అంతల వాని పేరెత్తిండు మీ తాత. వాడు కాదనలె.” ఆమె పొట్లం అంచులను మడుస్తూ గొంతు తగ్గించింది. “చెయ్యనోడు కాదు అనాలె గద. ఎందుకు అంటలేడో చూద్దామని ఊకున్న.”

“ఎవరిని కాపాడుతున్నవు?”

ఆ మాట వాకిట నుండి వచ్చింది. పెద్దయ్య, పనిముట్ల సంచి భుజాన వేసుకొని ఎంతసేపటినుండి అక్కడ నిలబడి ఉన్నాడో తెలియదు.

“ఎవరిని లేదు,” అన్నది వజ్రమ్మ.

“కొడుకు మీదికి వస్తుందని నీ మీద ఏసుకుంటున్నవు. నాకు తెల్వదా తల్లుల సంగతి?”

“పొత్రం మీద గాజు గీత ఉన్నది, పోయి చూస్కో.”

“పొత్రం మీద వెయ్యి గీతలుంటయి.”

“అయితే గోడనడుగు.”

ఆమె చీపురును తిరగేసి, దాని పిడితో ‘మేస్త్రి యాదయ్య’ అన్న పేరుకు దిగువన కొట్టింది. తరువాత మూడడుగులు జరిగి, పేర్లు లేని చోట కొట్టింది. మొదటి చప్పుడుకు, రెండవ చప్పుడుకు ఉన్న భేదం మనాలికి కూడా వినబడింది.

పెద్దయ్య సంచి దించాడు. వచ్చి పేరుకు దిగువన వ్రేలి కణుపుతో తట్టాడు. తట్టినచోటనే మళ్ళీ తట్టాడు. అరచేతిని గోడపై ఆనించి, చెవిని ఆనించి, మూడవసారి తట్టాడు. ఖాళీ కుండ మీద తట్టినట్లున్నది.

గాజు అంటించే ముందు, పగులుకు రెండు ప్రక్కల నాలుగు వ్రేళ్ళ వెడల్పున గచ్చును, అంటే రాతిమీది సున్నపు పూతను, చెక్కి, రాయిని బయటపెట్టి, రాతికే అంటించాలి. కొత్తగా పనిలో చేరిన కూలీకి పెద్దయ్య చెప్పే మొదటి పాఠం అది. గచ్చుకు అంటించిన పలక గచ్చు కదలికను మాత్రమే చెప్పగలదు. వెనుక రాయి జరుగుతున్నా, రాతిని వదిలిన గచ్చు ఒక్క పలకగా నిలిచి ఉన్నంత కాలం గాజు పగలదు.

ఇతర గోడలన్నిటినీ అతడు తట్టి చూశాడు. దీనిని తట్టలేదు. ఇక్కడ చెక్కితే తండ్రి పేరు పోతుంది.

వీధిలో పాత ఇనుము కొనేవాడి కేక వచ్చి పోయింది.

“పేరు మీద ఉలి పెట్టబుద్ధి కాలె,” అన్నాడు చివరకు పెద్దయ్య.

“నాకెరుకే,” అన్నది వజ్రమ్మ.

“అతుల్ సాబ్‌కు ఇప్పుడేం చెప్పాలె?”

మనాలి పగులు వైపు చూసింది. రెండు పలకలు ఇంకా నిండుగానే ఉన్నాయి. నడిమిది ఊడుస్తుంటే పొరపాటున పగిలిందంటే నమ్మేవాడే అతుల్. ఒక్క మాటతో అభ్యాసిక దక్కుతుంది. ఆ మాట తన నాలుక చివర ఉన్నదని తాతకు తెలిసిందేమోనని ఆమెకు భయం వేసింది.

“బల్లలు ఇంకో దిక్కు గీస్త తాతా,” అన్నది, సగం మాటగా.

పెద్దయ్య ఆమె వైపు చూసిన చూపులో కోపం లేదు. కొడుకు వైపు ఈ మూడు రోజులు చూసిన చూపే ఉన్నది.

“నువ్వు గూడనా?” అన్నాడు.

*

పదకొండుకు అతుల్ ఇద్దరు మనుషులతో వచ్చాడు. వారి వెనుకనే మంగేష్ కూడా వచ్చాడు. అతడు పనికి పోలేదని, ఇంతసేపూ వీధి మలుపులోని చాయ్ దుకాణంలో కూర్చున్నాడని అతని ముఖమే చెప్పింది. లోపలికి రాకుండా గడప మీద నిలిచాడు.

అతుల్ గోడ వద్దకు వెళ్ళి, లేని పలకను చూసి, హిందీలో అడిగాడు. “మేస్త్రీజీ, ఇదేమయింది?”

మంగేష్ తండ్రి వైపు సూటిగా చూశాడు.

“పగలగొట్టారు సాబ్,” అన్నాడు పెద్దయ్య.

“ఎవరు?”

“అది మా ఇంటి సంగతి. మీరు వ్రాసుకోవలసింది వేరే ఉన్నది. ఆ పలకలు మూడూ లెక్కలోకి రావు. నేను గచ్చుకు అంటించాను, రాతికి కాదు. తప్పు నాది. ఈ గోడ సంగతి నాకు తెలియదు.”

అతుల్ కాగితాల మీది కలమును ఎత్తి పట్టుకున్నాడు. నలభై ఏళ్ళు పని చేసిన మేస్త్రి నోట ‘తెలియదు’ అన్న మాట వినవలసి వస్తుందని అతడు అనుకొని ఉండడు. మనాలి తన పటం ఉన్న ఫైలును గుండెకు హత్తుకొని బల్లల వైపు తిరిగి నిలబడింది.

“గచ్చు తీసి చూడాలి అయితే,” అన్నాడు అతుల్. “రాయి జరగలేదంటే మరమ్మతు వ్రాస్తాను. జరిగిందంటే నా చేతిలో ఏమీ లేదు.”

“తీయించండి.”

అతుల్ మనిషి ఉలి పట్టుకొని ముందుకు వచ్చి, నీలి అక్షరాలు చూసి ఆగిపోయాడు. చదవలేకపోయినా అవి పేర్లని గ్రహించినట్లున్నాడు.

“ఇటియ్యి,” అని మంగేష్ గడప దాటి వచ్చాడు. సుత్తి, ఉలి తీసుకున్నాడు. తండ్రి చూపించిన చోటుకు జానెడు ప్రక్కగా ఉలి పెట్టి తట్టాడు. ఏమీ రాలలేదు. మళ్ళీ తట్టాడు. గోరంత పెచ్చు పడింది.

“గట్టిగ కొట్టురా.”

“తాత పేరున్నది నాయినా.”

“నీకంటె ముందుగాల నాకెరుకే. కొట్టు.”

మంగేష్ ఇంకొక దెబ్బ వేశాడు. అది మునుపటి రెండిటికంటె మెల్లగా పడింది. అతడు ఉలి దించి అతుల్ వైపు తిరిగాడు. “సార్, ఇక్కడ వద్దు. పై అంతస్తులో చూడండి.”

బడి కూలాలని అందరి ముందు అన్నవాడు, కూల్చే అవకాశం చేతికి వచ్చినప్పుడు వెనుకకు జరుగుతున్నాడు. తాత పేరంటే ఇంత గౌరవమున్నదని అతడు ఇదివరకెన్నడూ చూపలేదు. మనాలి తండ్రి చేతులను చూసింది. సుత్తిని, ఉలిని అవి వదలలేదు.

పెద్దయ్య కొడుకు దగ్గరకు వచ్చి, అతుల్‌కు అర్థం కాని భాషలో, చాలా మెల్లగా అడిగాడు.

“మంగళవారం ఈ గోడ వెనుక ఏం చూసినవు? రాయి జరుగలేదని తెల్సిందా?”

మంగేష్ కళ్ళు తల్లి వైపు త్రిప్పాడు.

“నాకియ్యి,” అన్నది వజ్రమ్మ.

ఇరవై ఏళ్ళు ఆమె ఇతరుల కోసం సున్నం మోసింది. మేస్త్రుల పనిలో ఆడవారి చేతికి సుత్తి ఇచ్చే ఆచారం లేదు. మంగేష్ ఇవ్వడానికి సంకోచించాడు. ఆమె అతని వ్రేళ్ళు ఒకటొకటిగా విప్పి తీసుకున్నది. కొంగు నడుముకు దోపి, గోడ ఎదుట నిలబడింది. మామగారి పేరును ఆమె పెళ్ళయిన నాటినుండి నోటితో పలికినది కాదు. ఇప్పుడు ఉలి మొనను సరిగా ఆ పేరు మొదటి అక్షరానికి ఆనించింది.

“అమ్మా, ఆగు,” అన్నాడు మంగేష్.

వజ్రమ్మ సుత్తి ఎత్తింది.